వేరు కార్డు లేని కాలమున ఆస్ట్రేలియా ఆటలు

సిడ్నీ నగరమున పారమట్టా ప్రాంతపు దుకాణములలో గాని, మెల్‌బోర్ను పడమటి శివారైన టార్నీట్‌నందు అద్దెయిల్లు పంచుకొని చదువుకొను మన తెలుగు విద్యార్థుల నడుమ గాని, నేడు తరచుగ వినవచ్చు ప్రశ్న యొకటి కలదు: గ్రాఫిక్స్‌ను తనలోనే యిముడ్చుకొన్న ప్రాసెసరు గల డెస్క్‌టాపు ఆటలాడువానికి చాలునా, లేక వందల కొలది డాలర్లు వెచ్చించి గ్రాఫిక్స్ కార్డును వేరుగ కొనవలసినదేనా? ఇది నిన్న మొన్న పుట్టిన సందేహమని తలచువారు పెక్కురు. నిజమునకు, వేరు కార్డు లేనిదే ఆట లేదను భావనయే యిటీవలిది. దాని ప్రాయము సుమారు ముప్పది యేండ్లు. అంతకు పూర్వము, ఆస్ట్రేలియా గడ్డపై ఆటలు రచించు విద్య మొలకెత్తి, ఖండాంతరములందు ఖ్యాతి గడించిన కాలమంతయు, కార్డను మాటనే యెరుగని చిన్న యింటి కంప్యూటర్లపైననే గడచినది. ఆ చరిత్రను తెలిసికొన్నవాడు నేటి ప్రశ్నకు తొందరపడి 'చాలదు' అని యుత్తరము చెప్పజాలడని నా నమ్మకము.

1982వ సంవత్సరమున, అప్లయిడ్ టెక్నాలజీ అను సంస్థ, ఓవెన్ హిల్ నాయకత్వమున, 'మైక్రోబీ' యను కంప్యూటరును వెలువరించెను. మొదట నది విడిభాగములుగ అమ్ముడుపోయెను. కొన్నవాడే టంకము పట్టి కూర్చుకొనవలసి యుండెను. పిమ్మట సిద్ధయంత్రముగ న్యూ సౌత్ వేల్స్ పాఠశాలలలో ప్రవేశించి, ఒక తరము పిల్లలకు కంప్యూటరన్న మాటకు అదియే రూపమయ్యెను. జెడ్80 ప్రాసెసరు గల ఆ యంత్రపు తెరపై 64 అక్షరముల వెడల్పున 16 పంక్తులు మాత్రమే పట్టును. బొమ్మలు గీయుటకు ప్రత్యేకమైన శక్తి దానికి లేదు. అయినను 128 అక్షరముల ఆకారమును మార్చుకొను వెసులుబాటుండుటచే, కార్యక్రమ రచయితలు అక్షరములనే చెక్కి శత్రువులుగను, గోడలుగను, బాణములుగను మార్చి ఆటలు కట్టిరి. లేమి వారిని ఆపలేదు.

అయితే ఆస్ట్రేలియా పేరు లోకమునకు వినబడినది మెల్‌బోర్ను నుండి. ఆల్ఫ్రెడ్ మిల్‌గ్రోమ్, నవోమీ బెసెన్ దంపతుల మెల్‌బోర్న్ హౌస్ ప్రచురణ సంస్థకు అనుబంధముగ బీమ్ సాఫ్ట్‌వేర్ అను శాఖ యేర్పడెను. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయమున చదువుచుండిన వెరోనికా మెగ్లర్, ఆమెతోపాటు ఫిలిప్ మిచెల్, టోల్కీన్ నవలయగు 'ది హాబిట్'ను ఆటగ మలచిరి. 1982లో అది బ్రిటిషు యంత్రమైన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌పై వెలువడెను. ఆటగాడు పూర్ణవాక్యములు టైపు చేసినను గ్రహించు శక్తి దానికి కలదు; అందలి పాత్రలు ఆటగాడు ఊరకున్నను తమంత తాము తిరుగుచు, తమ పనులు తాము చేసికొనుచుండును. దృశ్యములను చూపుటకు చిత్రములను దాచుకొను చోటు లేకపోవుటచే, గీతలు గీయుట, రంగులు నింపుట అను ఆజ్ఞలను మాత్రమే దాచిరి; అందుచే ప్రతి దృశ్యమును ఆటగాని కనులయెదుటనే మెల్లమెల్లగ రూపుదాల్చుచుండెను. ఇదంతయు 48 కిలోబైట్లలో!

ఇచ్చట స్పెక్ట్రమ్ నిర్మాణమును గూర్చి కొంత నిదానించి చెప్పవలసియున్నది. ఏలయన నేటి ప్రశ్నకు మూలము అచ్చటనే దొరకును. ఆ యంత్రపు తెర చిత్రమునకు 6,912 బైట్లు కావలెను. అవి వేరుగ నెచ్చటనో యుండక, ప్రాసెసరు వాడుకొను మెమరీలోనే, దాని తొలి 16 కిలోబైట్లలో నుండెను. తెరను నడపు యూఎల్‌ఏ యను చిప్పునకును, లెక్కలు వేయు ప్రాసెసరునకును ఆ భాగము ఉమ్మడి. ఒకే యావు పొదుగున రెండు దూడలను విడిచినట్లు, ఒకటి త్రాగుచున్నంతసేపు రెండవది నిలువవలసినదే. తెరకు చిత్రము పంపుచున్న వేళ ఆ భాగమును తాకినచో ప్రాసెసరు ఆగుచుండెను. నేర్పరులైన రచయితలు అందుచేతనే వేగముగ సాగవలసిన భాగములను మెమరీ పైభాగమున నుంచి, ఆ పోటీని తప్పించుకొనిరి. కమోడోర్ 64 యందును ఇదే ధర్మము మరియొక రీతిని వర్తించెను: తెరపై ప్రతి యెనిమిదవ గీతకును చిత్రపు చిప్పు ప్రాసెసరును నిలిపి తనకు వలసిన సమాచారమును గైకొనును. అట్టి యంత్రముపైననే 1985లో బీమ్ సంస్థకు చెందిన గ్రెగ్ బార్నెట్ 'ది వే ఆఫ్ ది ఎక్స్‌ప్లోడింగ్ ఫిస్ట్' అను కరాటే పోరును నిర్మించి ఐరోపాను ఉఱ్ఱూతలూగించెను.

సిడ్నీలో మాత్రము అభిరుచి వేరు. రాజర్ కీటింగ్, ఇయాన్ ట్రౌట్ స్థాపించిన స్ట్రాటెజిక్ స్టడీస్ గ్రూప్ 1983లో 'రీచ్ ఫర్ ది స్టార్స్'ను వెలువరించెను. అంతరిక్షమున రాజ్యములు విస్తరింపజేయు ఆ వ్యూహక్రీడకు చిత్రవైభవముతో పనిలేదు. ఆటగాని యాలోచనయే దానికి ప్రాణము. యంత్రము చాలునా యను ప్రశ్నకు, ఏ ఆటకు అను ఎదురు ప్రశ్న యెంత అవసరమో ఈ యొక్క యుదాహరణమే తెలుపును.

1996లో పరిస్థితి మారెను. 'క్వేక్' ఆటయు, 3డీఎఫ్‌ఎక్స్ వారి వూడూ కార్డును ఆ యేటనే వచ్చినవి. అంతకు పూర్వము పీసీలలో నుండిన కార్డులు ప్రాసెసరు గీచినదానిని తెరకు చేర్చుటకే చాలవరకు పరిమితములు. వూడూ మాత్రము తన సొంతమైన 4 మెగాబైట్ల మెమరీతో త్రిపరిమాణ దృశ్యములను తానే రంగరించి చూపెను. ఉమ్మడి మెమరీ బాధ దానికి లేదు. ఆస్ట్రేలియాలో దీని ప్రభావము మరింత గాఢము. అమెరికా, ఐరోపా సర్వరులతో ఆడవలెనన్న సముద్రములు దాటి సంకేతము పోయిరావలెను. ఆ యాలస్యమును ఓర్వలేనివారు తమ కంప్యూటర్లను కార్లలో వేసికొని సభామందిరములలో గుమికూడి, కేబుళ్లు కలిపి రాత్రింబవళ్లు ఆడిరి. పెర్త్ నగరపు ఆర్‌ఎఫ్‌లాన్ వంటి కూటములు ఆ సంప్రదాయమునుండి వచ్చినవే. ప్రక్కవాని యంత్రమును కన్నులార చూచుచు ఆడు అట్టి చోట కార్డు గౌరవచిహ్నమైనదనుట సహజమే.

అదే కాలమున 1999లో ఇంటెల్ 810 చిప్‌సెట్ వంటివి గ్రాఫిక్స్‌ను మదర్‌బోర్డులో నిమిడ్చి చౌకయంత్రములకు దారిచూపినవి. వాటి బలహీనత వలన 'ఆన్‌బోర్డ్' అనుటయే నింద యయ్యెను. ఆ నింద నాడు సమంజసమే. దానిని నేటివరకు మోసికొనివచ్చుటయే అన్యాయము. 2006లో ఏఎమ్‌డీ సంస్థ ఏటీఐని కొనెను. 2011లో ఇంటెల్ శాండీ బ్రిడ్జ్, ఏఎమ్‌డీ లానో ప్రాసెసర్లతో గ్రాఫిక్స్ ప్రాసెసరు చిప్పులోనికే చేరెను. 2018 ఫిబ్రవరిలో రైజెన్ 2400జీ వచ్చిన పిమ్మట అట్టి ప్రాసెసరును ఆటగాండ్రు తలయెత్తి చూచిరి.

ఆస్ట్రేలియాలో ఈ విషయమునకు ధరల చరిత్ర తోడయ్యెను. కంప్యూటరు సరకులకు తామెందుకు ఇతర దేశములవారికన్న హెచ్చు చెల్లింపవలెనను ప్రజల గోడు పార్లమెంటు వరకు పోయి, 2013లో ప్రతినిధుల సభాసంఘము ఆపిల్, మైక్రోసాఫ్ట్, అడోబీ సంస్థలను పిలిపించి ప్రశ్నించెను. 'ఆస్ట్రేలియా పన్ను' అను జనవాక్యము ఆ యేటి జూలై నివేదిక శీర్షికలోనే చోటుచేసికొనెను. 2018 జూలై 1 నుండి విదేశములనుండి తెప్పించుకొను స్వల్పమూల్యపు వస్తువులపై సైతము 10 శాతము జీఎస్‌టీ పడెను. 2021లో, క్రిప్టో నాణెముల వేటయు, మహమ్మారి తెచ్చిన కొరతయు కలిసి కార్డుల ధరలను ఆకసమున కెత్తినపుడు, రైజెన్ 5600జీ వంటి ప్రాసెసర్లు ఎందరికో ఆశ్రయమైనవి.

ఇక నేటి బలాబలములు. రెండు ర్యామ్ స్టిక్కులు జంటగ నడుచు డీడీఆర్4-3200 మెమరీ సెకనుకు 51.2 గిగాబైట్లను, డీడీఆర్5-5600 మెమరీ 89.6 గిగాబైట్లను అందింపగలదు. ఆర్‌టీఎక్స్ 3060 వంటి మధ్యతరగతి కార్డునకు 360 గిగాబైట్ల మార్గము సొంతముగ నుండును. ప్రాసెసరులో నిమిడిన గ్రాఫిక్స్‌కు మాత్రము ఆ ర్యామ్ ప్రాసెసరుతో ఉమ్మడియే; స్పెక్ట్రమ్‌నాటి కాపురమే యిది. అంకెలు మాత్రము పెరిగినవి. 2024లో వచ్చిన రైజెన్ 8700జీ యందు గ్రాఫిక్స్ గణనభాగములు 12 కలవు. అది 1080పీ తెరపై పోటీక్రీడలను, వ్యూహక్రీడలను, ద్విపరిమాణ క్రీడలను హాయిగ నడుపును. విశాలజగత్తులను చూపు నూతన మహాక్రీడలను నిండు వైభవముతో కోరువానికి అది తగదు. ఆ మాట దాచుట కొనువానికి ద్రోహము. పేరు చూచియు మోసపోరాదు: రైజెన్ 7000 శ్రేణిలోని సాధారణ డెస్క్‌టాపు ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ భాగములు రెండే, అవి తెరను వెలిగించుటకే, ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర 'ఎఫ్' యున్నచో అదియు లేదు.

అడిలైడ్ నగరమున టీమ్ చెర్రీ యను చిన్న బృందము 2017లో వెలువరించిన 'హాలో నైట్' ప్రపంచమంతటను ఆదరణ పొందినది. అది ఆడుటకు వేరు కార్డు అక్కరలేదు. అట్టి ఆటలను ప్రేమించు విద్యార్థి అద్దెలు, ఫీజులు పోను మిగిలిన సొమ్ముతో కార్డు కొరకు నెలలు వేచియుండ నక్కరలేదు. గ్రాఫిక్స్ ఇమిడియున్న ఎనిమిది కోర్ల ప్రాసెసరును, ఒక పెద్ద ర్యామ్ స్టిక్కునకు బదులు అంత పరిమాణమునకే సమానమైన రెండు చిన్న స్టిక్కులను కొని, మదర్‌బోర్డులో కార్డు స్థానమును, పవర్ సప్లైలో కొంత మిగులుబలమును ఉంచుకొనిన చాలును. మహాక్రీడలపై మనసు పోయిననాడు కార్డును అచ్చటనే అమర్చుకొనవచ్చును.