పంక్ తర్వాతి పాట: ప్రభావం ఎంత, ఎక్కడ?

పంక్ రాక్ 1970ల మధ్యలో న్యూయార్క్, లండన్ నగరాల్లో ఊపందుకుంది. తర్వాతి జనరంజక సంగీతాన్ని అది ఎంతవరకు మార్చిందన్న విషయంలో విమర్శకుల మధ్య ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. ఈ వాదంలో రెండు ప్రశ్నలు కలగాపులగం అవుతుంటాయి. పాట వినిపించే తీరు మారిందా అన్నది ఒకటి, రికార్డు తయారుచేసే హక్కు ఎవరి చేతికి వచ్చిందన్నది మరొకటి. పంక్ ముద్ర లోతుగా పడింది రెండోదాని మీదే.

వెల్వెట్ అండర్‌గ్రౌండ్, స్టూజెస్ వంటి బృందాలు 1960ల చివరికే దారి వేశాయి. న్యూయార్క్‌లో 1973లో తెరిచిన సీబీజీబీ అనే క్లబ్బు కొత్తవాళ్లకు వేదికైంది. అక్కడ పాడిన రమోన్స్ 1976లో తొలి ఆల్బమ్ తెచ్చారు. అందులోని 14 పాటలూ కలిపి అరగంట కూడా ఉండవు, ఖర్చు సుమారు 6,400 డాలర్లు. పేరున్న రాక్ బృందాలు ఒక్కో ఆల్బమ్‌కు నెలల తరబడి స్టూడియోల్లో గడుపుతున్న కాలమది.

1976 జూన్ 4న సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బృందం వారు మాంచెస్టర్‌లో ఒక చిన్న హాల్లో వాయించారు. వచ్చినవారు కొద్దిమందే. వారిలో బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్ ఆ తర్వాత జాయ్ డివిజన్ బృందాన్ని కట్టారు. కచేరీ ఏర్పాటు చేసిన పీట్ షెల్లీ, హోవార్డ్ డెవోటోల బృందం పేరు బజ్‌కాక్స్. వీరు 500 పౌండ్ల దాకా అప్పుచేసి, 1977 జనవరిలో ‘స్పైరల్ స్క్రాచ్’ అనే నాలుగు పాటల రికార్డును సొంతంగా విడుదల చేశారు. ఏ పాటను ఎన్నోసారి వాయించినప్పుడు రికార్డు చేశారో అట్ట మీదే అచ్చువేశారు. మొదట వెయ్యి ప్రతులే తీసిన ఆ రికార్డు చివరికి సుమారు 16,000 అమ్ముడైంది. మరుసటి ఏడాది స్క్రిట్టీ పొలిట్టీ బృందం తయారీ ఖర్చుల పద్దు మొత్తం అట్ట మీద వేసింది. చిన్న రికార్డు కంపెనీలు పంక్ కనిపెట్టినవి కావు; మెంఫిస్‌లో సన్ 1952 నుంచీ, డెట్రాయిట్‌లో మోటౌన్ 1959 నుంచీ ఉన్నాయి. అయితే అవి సంగీతం తెలిసిన వ్యాపారులు నడిపినవి. పంక్ మాత్రం వాయించేవాడినే యజమానిని చేసి, ఆ కిటుకును దాచకుండా నలుగురికీ చెప్పింది. రఫ్ ట్రేడ్ దుకాణం రికార్డు కంపెనీగా మారినదీ, ఫ్యాక్టరీ, మ్యూట్ అనే కంపెనీలు పుట్టినదీ 1978లోనే.

ఆ దారిలో వచ్చిన సంగీతం పంక్‌లా వినిపించాలన్న నియమం లేకపోయింది. జాయ్ డివిజన్ నుంచి రూపుదిద్దుకున్న న్యూ ఆర్డర్ 1983లో సింథసైజర్లతో ‘బ్లూ మండే’ అనే నాట్యగీతం చేసింది. అమెరికాలో ఎస్ఎస్‌టీ, డిస్కార్డ్ వంటి చిన్న రికార్డు సంస్థలు పదేళ్లకు పైగా చిన్న ఊళ్లలో శ్రోతలను కూడగట్టాయి. ఆ వాతావరణంలో పెరిగిన నిర్వాణా ‘నెవర్‌మైండ్’ 1992 జనవరిలో మైకేల్ జాక్సన్ ‘డేంజరస్’ను తోసి అమెరికా ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది.

ఎదుటివారి వాదమూ బలమైనదే. పంక్ ఉధృతంగా ఉన్న 1977లోనే ఫ్లీట్‌వుడ్ మాక్ ‘రూమర్స్’ అమ్మకాల్లో దూసుకుపోయింది. డోనా సమ్మర్ ‘ఐ ఫీల్ లవ్’ యంత్ర నాట్యసంగీతానికి బాట వేసింది కూడా అదే ఏడాది. అమెరికాలో 1960 నుంచి 2010 వరకు జనాదరణ పొందిన సుమారు 17,000 పాటలను కంప్యూటర్‌తో విశ్లేషించిన 2015 నాటి పరిశోధన మూడు విప్లవాలను గుర్తించింది: 1964, 1983, 1991. పంక్ పుట్టిన సంవత్సరాలు వాటిలో లేవు. అన్నిటికన్నా పెద్దదైన 1991 మార్పు ర్యాప్‌ది. వినిపించే తీరు విషయంలో ఈ లెక్క తోసిపుచ్చరానిది. అయితే రికార్డు ఎవరి సొంతమో ఈ పద్ధతికి అందదు.

ర్యాప్‌తో పంక్ దారులు కలిసిన చోట్లూ ఉన్నాయి. సీబీజీబీ నుంచి వచ్చిన బ్లాండీ 1981లో ‘ర్యాప్చర్’తో ర్యాప్‌ను అమెరికా పాటల పట్టిక శిఖరానికి చేర్చింది. పంక్ బృందంగా మొదలైన బీస్టీ బాయ్స్ ఆల్బమ్ 1987లో అక్కడి ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్లిన తొలి ర్యాప్ ఆల్బమ్ అయింది. కానీ ర్యాప్ మూలాలు పంక్‌లో లేవు. జమైకాలో పుట్టిన డీజే కూల్ హెర్క్ 1973లోనే బ్రాంక్స్‌లో ఆ సంప్రదాయాన్ని మొదలుపెట్టాడు.