ఔత్సాహికుడెవరు? - కార్లైల్ బడి నేర్పే పాఠం



కళాశాల క్రీడలలో 'ఔత్సాహిక క్రీడాకారుడు' అన్న మాట మీరు వినే ఉంటారు. ధనాపేక్ష లేకుండా ఆడేవాడని దాని అర్థం. వినడానికి ఉదాత్తంగానే ఉంటుంది. కాని ఆ నియమం పుట్టుకను గమనించండి. ఇంగ్లండులో 1879లో హెన్లీ పడవ పందేల నిర్వాహకులు చేసిన నిర్వచనం డబ్బుకు ఆడినవారినే కాక, చేతివృత్తులవారిని, కూలీలను సైతం ఔత్సాహికుల లెక్కలోంచి తొలగించింది. పొట్టకూటికై శ్రమించనక్కరలేని వారికే ఆ గౌరవం దక్కింది.

అదే 1879లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో కార్లైల్ పాఠశాల వెలసింది. అక్కడి మూలవాసుల పిల్లలను ఇళ్లకు దూరంగా తెచ్చి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, మాతృభాష నోట రానీయక పెంచిన బడి అది. ఆ బాధ ఎటువంటిదో మన పాఠకులకు వేరుగా చెప్పనవసరం లేదు.

ఆ బడి విద్యార్థియే జిమ్ థోర్ప్. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోనూ స్వర్ణం గెలిచాడు. 1913 జనవరిలో ఒక పత్రిక అతని పాత సంగతి బయటపెట్టింది. 1909, 1910 సంవత్సరాలలో ఉత్తర కరోలినాలో కొద్దిపాటి జీతానికి బేస్‌బాల్ ఆడాడట! ఆ రోజుల్లో ఎందరో కళాశాల విద్యార్థులు మారుపేర్లతో అలా ఆడేవారు. థోర్ప్ మాత్రం సొంత పేరుతో ఆడాడు. అదే అతని నేరమైంది. తనకు ఇటువంటి నియమాలు తెలియవని అతడు క్రీడా సంఘానికి లేఖ వ్రాసినా ఫలితం లేకపోయింది. ఫిర్యాదుకు 30 దినాల గడువన్న ఒలింపిక్ నియమాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. పతకాలు తీసివేశారు.

మరి అతని ఆట వలన కార్లైల్‌కు వచ్చిన టిక్కెట్ల సొమ్ము మాటేమిటి? పిల్లవాడు పుచ్చుకొంటే దోషం, బడి పుచ్చుకొంటే సేవ! ఈ వైరుధ్యమే అమెరికా కళాశాల క్రీడలలో శతాబ్దానికి పైగా సాగింది.

థోర్ప్ 1953లో మరణించాడు. 1983లో పతకాల నమూనాలను అతని పిల్లలకు అందజేశారు. ఏకైక విజేతగా ఒలింపిక్ సంఘం గుర్తించినది 2022లో మాత్రమే. కళాశాల క్రీడాకారులు తమ పేరు, రూపం ద్వారా సంపాదించుకొనుటకు 2021 జూలైలో అనుమతి లభించింది. కళాశాలలే వారికి నేరుగా చెల్లించే ఒప్పందానికి 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదం తెలిపింది.

నియమాలు వద్దని నా అభిప్రాయం కాదు. మన పిల్లలు పోటీలకు పోయేటప్పుడు వయసు, అర్హతల పత్రాలపై సంతకాలు చేయిస్తాము. ఆ పత్రంలో ఏమున్నదో వారికి తెలుగులో వివరిస్తున్నామా? తెలియజెప్పని నియమంతో శిక్షించుట న్యాయం కాదు. ఆ తెలియజెప్పే బాధ్యత మనదే, ఆలోచించండి.