ఒకటో నంబరు చెట్టు నుంచి మన జీడితోట దాకా

పొదుపులు, అప్పులు, వాయిదాల లెక్కలు ముందు పేజీల్లో చూశారు. ఇక్కడ మన ఉద్దానం బతుకుకు ఆధారమైన జీడి చరిత్ర కొంచెం రాస్తున్నాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన జీడి, కొబ్బరి తోటలు నేలకూలిన సంగతి ఎవరం మరిచిపోలేదు. అప్పటి నుంచి సంఘం అప్పు తీసుకుని మళ్లీ మొక్కలు వేస్తున్న వాళ్లం చాలామందిమి. జీడిమొక్క పాతితే పాతికేళ్లకు పైనే మనతో ఉంటుంది. అందుకే ఏ మొక్క వేస్తున్నామో తెలిసి వేయాలి.

జీడిమామిడి పుట్టిల్లు మన దేశం కాదు, బ్రెజిల్. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లు దాన్ని మన పడమటి తీరానికి తెచ్చారు. మన వాళ్లకు నల్లజీడి ముందే తెలుసు. బట్టలకు చెరగని గుర్తు పెట్టేది దాని రసంతోనే. ఈ కొత్త పిక్క తొక్కులోనూ చేతులు కాల్చే రసమే ఉంది, చెట్టేమో మామిడి జాతిది. పేరులో ఆ రెండూ కలిసే ఉన్నాయి.

మొదట్లో దీన్ని వేసింది పప్పు కోసం కాదు, ఇసుక నేల, గట్టు మట్టి కొట్టుకుపోకుండా ఉండడానికి. 1920ల్లో కేరళలోని కొల్లం నుంచి అమెరికాకు పప్పు ఎగుమతి పెరిగాకే పిక్కకు విలువ వచ్చింది. అయినా తోట వేసేవాళ్లు దొరికిన పిక్కే పాతేవారు. జీడిలో ఒక చెట్టు పుప్పొడి ఇంకో చెట్టు పూతకు చేరుతుంది. కాబట్టి మంచి చెట్టు పిక్క పాతినా తల్లిలాంటి చెట్టు వస్తుందన్న నమ్మకం లేదు. ఒకే తోటలో ఒక చెట్టు విరగకాసి, పక్క చెట్టు గంపెడు కూడా ఇవ్వకపోవడం మనం చూస్తున్నదే.

ఈ చిక్కు విప్పడానికి బాపట్ల జీడిమామిడి పరిశోధన కేంద్రంలో చేసిన పని మన లెక్కల పుస్తకం లాంటిదే. చెట్లకు నంబర్లు ఇచ్చారు. ఏ చెట్టు పిక్కలు ఆ చెట్టుకే విడిగా ఏరి, తూచి, రాశారు. ఒక్క ఏడాదితో ఆపలేదు. పూత వేళ మబ్బు పట్టినా, పురుగు తగిలినా ఆ ఏటి కాపు తప్పుతుంది. ఏళ్ల తరబడి రాస్తేనే చెట్టు గుణం తెలుస్తుంది. అలా తేలిన మంచి చెట్లను ఒకదానితో ఒకటి సంకరం చేశారు. ఒకటో నంబరు చెట్టును 273తో కలిపితే బీపీపీ-1 వచ్చింది, 1980లో విడుదలైంది. అదే చెట్టును 39తో కలిపితే బీపీపీ-8 వచ్చింది, 1993లో విడుదలైంది. బీపీపీ-1 పిక్క సుమారు 5 గ్రాములు, బీపీపీ-8 పిక్క సుమారు 8.2 గ్రాములు. బీపీపీ-8లో నూటికి 29 వంతులు పప్పు.

దీన్ని మన బస్తాలో చూద్దాం. 80 కిలోల బస్తాకు నూటికి 25 వంతున 20 కిలోల పప్పు వస్తుంది. 29 వంతున అయితే 23 కిలోల 200 గ్రాములు. అదే బస్తాలో మూడు కిలోలకు పైగా తేడా. ఇక గుండు సైజు. 320 గ్రేడు అంటే పౌనుకు, అంటే 454 గ్రాములకు, 300 నుంచి 320 గుండ్లు తూగాలి. 210 గ్రేడు అయితే 200 నుంచి 210 చాలు. కిలో పప్పుకు మొదటి రకంలో దాదాపు 700 పిక్కలు కొట్టాలి, రెండో రకంలో దాదాపు 460. కిలో లెక్కన కూలి తీసుకునే మన చేతులకు ఆ తేడా ఎంతో చెప్పక్కర్లేదు.

అలాగని పెద్ద పిక్క చూసి మురిసిపోవద్దు. లోపల నిండకపోతే బరువంతా తొక్కే. నీళ్లలో వేస్తే నిండు పిక్క మునుగుతుంది, తాలుది తేలుతుంది. మంచి రకం గుణం నిలవాలంటే అంటుమొక్కే వేయాలి. మన సంఘాల్లో ఒకదానికి అంటు పేరుతో గింజ మొక్కలు అంటగట్టారు. ఆ సంగతి మూడేళ్లు పోయాక గానీ తెలియలేదు. అప్పు వాయిదాలు మాత్రం ఆగలేదు. కాబట్టి మొక్క తీసుకునేటప్పుడు కాండం మీద అంటు కట్టిన అతుకు ఉందో లేదో వంగి చూడండి. రకం పేరు రాసిన రసీదు అడగండి.

ఏ తోట పిక్క కొడితే మంచి పప్పు వస్తుందో పిక్కలు కొట్టే మన ఆడవాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. బాపట్ల వాళ్లు రాసి పెట్టారు, మనం రాయలేదు. వచ్చే కాపు నుంచి ప్రతి సంఘం ఐదు చెట్లకు నంబర్లు వేయాలని కోరుతున్నాం. ఏ చెట్టు పిక్కలు ఆ చెట్టుకే తూచి, ఒక కిలో కొట్టి పప్పెంతో చూసి, మినిట్స్ పుస్తకం చివరి పేజీల్లో రాయండి. మూడు కాపులు దాటేదాకా ఏ చెట్టునూ మంచిదనొద్దు, చెడ్డదనొద్దు. ఆ పుస్తకాలు దగ్గర పెట్టుకుని కూర్చున్నప్పుడు, మళ్లీ ఏ మొక్క వేయాలో మనమే చెప్పుకోగలం.