సైనికాధికారి కొలువు, కుటుంబం: మద్రాసు పటాలాల నుంచి నేటి వరకు

సైనికాధికారి ఉద్యోగం ఇంటిల్లిపాదినీ కదిలించే కొలువు. బదిలీలు, సరిహద్దు విధులు, పిల్లల చదువు, చిన్న వయసులోనే పదవీ విరమణ ఇవన్నీ కుటుంబమంతా పంచుకోవలసినవే. తడ, సూళ్లూరుపేట తీరం నుంచి చిత్తూరు వరకు ఉన్న నేల ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. కాబట్టి ఇక్కడ ఈ వృత్తి చరిత్ర మద్రాసు సైన్యంతో మొదలవుతుంది.

18వ శతాబ్దం మధ్యలో కర్ణాటక యుద్ధాల కాలంలో ఈస్టిండియా కంపెనీ సిపాయిలను పటాలాలుగా కూర్చింది. వారిలో తెలుగువారు గణనీయంగా ఉండేవారు. మద్రాసు సిపాయిలు భార్యాబిడ్డలను వెంటబెట్టుకుని శిబిరం నుంచి శిబిరానికి తరలేవారు. సముద్రం దాటి వెళ్లినప్పుడు జీతంలో కొంత భాగం ఇంటివారికి అందే ఏర్పాటు ఉండేది. అయితే భారతీయుడు ఎంతకాలం పనిచేసినా సుబేదార్ మేజర్ స్థాయి దాటలేడు. కొత్తగా చేరిన ఆంగ్లేయ లెఫ్టినెంటు కూడా అతనికి పై అధికారే.

1880ల తర్వాత ఆ అవకాశమూ తగ్గింది. పంజాబీలు, గూర్ఖాల వంటి కొన్ని వర్గాలే యుద్ధానికి పనికివస్తాయన్న సిద్ధాంతాన్ని బ్రిటిష్ సేనానులు నమ్మారు. 1895లో మద్రాసు సైన్యం ప్రత్యేక వ్యవస్థగా లేకుండా పోయింది. 1920ల చివరికి మద్రాసు కాల్బలం పూర్తిగా రద్దయింది. తండ్రి తర్వాత కొడుకు పటాలంలో చేరే ఆనవాయితీ చాలా ఊళ్లలో తెగిపోయింది. పశ్చిమ గోదావరిలోని మాధవరం వంటి కొన్ని గ్రామాలే దాన్ని నిలుపుకోగలిగాయి.

భారతీయులకు అధికారి హోదా మరో దారిలో వచ్చింది. 1918 నుంచి ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ అకాడమీలో ఏటా కొద్ది సీట్లు దక్కాయి. 1932లో డెహ్రాడూన్‌లో ఇండియన్ మిలిటరీ అకాడమీ ఏర్పడింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి అధికారుల అవసరం ఒక్కసారిగా పెరగడంతో అంతవరకు దూరం పెట్టిన ప్రాంతాల యువకులకూ తలుపులు తెరుచుకున్నాయి. మద్రాసు రెజిమెంటు మళ్లీ ప్రాణం పోసుకుంది. 1941లో మహర్ రెజిమెంటు ఏర్పడింది.

ఆ తలుపు గుండా వెళ్లినవారిలో కోటికలపూడి వెంకట కృష్ణారావు ఒకరు. నేటి శ్రీకాకుళం ప్రాంతంలో 1923 జూలై 16న జన్మించిన ఆయన, 19 ఏళ్ల వయసులో, 1942 ఆగస్టులో మహర్ రెజిమెంటులో అధికారిగా చేరారు. యుద్ధకాలంలో బర్మాలో, వాయవ్య సరిహద్దులో పనిచేశారు. దేశ విభజన నాటి పంజాబు అల్లకల్లోలాన్నీ, ఆ వెంటనే జమ్మూకశ్మీర్ యుద్ధాన్నీ చూశారు. తర్వాత జాతీయ రక్షణ అకాడమీ తొలినాళ్ల శిక్షకుల్లో ఒకరయ్యారు.

1971 యుద్ధంలో ఆయన 8వ మౌంటెన్ డివిజన్‌కు నాయకత్వం వహించారు. ఈశాన్య బంగ్లాదేశ్‌లోని సిల్హెట్‌ను స్వాధీనం చేసుకున్నది ఆ డివిజనే. 1975లో సైన్యం పునర్వ్యవస్థీకరణకు నియమించిన నిపుణుల కమిటీకి అధ్యక్షత వహించారు. 1981 జూన్ 1న సైన్యాధిపతి అయ్యారు.  1983 జూలై 31న, 41 ఏళ్ల సర్వీసు తర్వాత పదవీ విరమణ చేశారు.

విరమణ ఆయనకు విశ్రాంతి కాలేదు. 1984 నుంచి నాగాలాండ్, మణిపూర్, త్రిపురలకు గవర్నరుగా పనిచేశారు. 1989 జూలై నుంచి 1990 జనవరి వరకు, మళ్లీ 1993 నుంచి 1998 వరకు జమ్మూకశ్మీర్ గవర్నరుగా ఉన్నారు. ఉగ్రవాదం తీవ్రంగా ఉన్న ఆ రోజుల్లోనే, 1996లో, అక్కడ శాసనసభ ఎన్నికలు జరిగి ప్రజాప్రభుత్వం తిరిగివచ్చింది. జాతీయ భద్రతపై ఒక గ్రంథం, తన అనుభవాలపై మరొకటి ఆంగ్లంలో రాశారు. 2016 జనవరి 30న, 92 ఏళ్ల వయసులో మరణించారు.

ఆయన తరం సర్వీసులో ఉన్న దశాబ్దాల్లోనే సైనిక కుటుంబాలకు అండగా నిలిచే సంస్థలు ఒక్కొక్కటిగా రూపుదిద్దుకున్నాయి. సరిహద్దు పోస్టింగులకు కుటుంబాన్ని తీసుకెళ్లడం కుదరదు. అప్పుడు భార్యే ఇంటినీ పిల్లలనూ ఒంటరిగా నడపాలి. అటువంటివారి సంక్షేమం కోసం 1966లో సైనికుల భార్యల సంఘం ఏర్పడింది. బదిలీలతో పిల్లల చదువు చెడకుండా 1963లో 20 రెజిమెంటల్ పాఠశాలలను కేంద్ర ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది. నేడు దేశమంతటా ఉన్న కేంద్రీయ విద్యాలయాలకు అదే మొదలు.

సైన్యంలో పదవీ విరమణ త్వరగా వస్తుంది. కల్నల్ 54 ఏళ్లకు, బ్రిగేడియర్ 56 ఏళ్లకు, మేజర్ జనరల్ 58 ఏళ్లకు సర్వీసు ముగిస్తారు. పిల్లల చదువులు, పెళ్లిళ్లు సగంలో ఉండగానే జీతం ఆగి పెన్షన్ మొదలవుతుంది. అందుకే పెన్షన్ న్యాయంగా ఉండడం ఈ కుటుంబాలకు ప్రాణావసరం. పెన్షన్‌కు తోడు మాజీ సైనికుల వైద్య పథకం 2003లో వచ్చింది. ముందు విరమించినవారికీ తర్వాత విరమించినవారికీ ఒకే హోదాకు ఒకే పెన్షన్ అన్న చిరకాల కోరిక, వారి సుదీర్ఘ పోరాటం తర్వాత 2015లో ఉత్తర్వుగా వెలువడింది. 2014 జూలై నుంచి అది వర్తించింది.

కొత్త తరానికి దారులు ఇప్పుడు దగ్గరలోనే ఉన్నాయి. 1963లో మద్రాసులో మొదలైన శిక్షణా పాఠశాలే నేటి ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ. తమిళనాడు సరిహద్దులో ఉన్న తడకు అది అందుబాటు దూరంలో ఉంది. 1992 నుంచి ఆ అకాడమీలో మహిళలూ అధికారులుగా శిక్షణ పొందుతున్నారు. 1962లో విజయనగరం దగ్గర కోరుకొండలో సైనిక్ స్కూలు వచ్చిన 52 ఏళ్లకు, 2014లో, ఉమ్మడి చిత్తూరు జిల్లా కలికిరిలో మరొకటి మొదలైంది. దాంతో అధికారి హోదాకు తొలి మెట్టు రాయలసీమ పిల్లలకు సొంత నేల మీదే దొరికింది.