ఎక్కేవాడి కోసం మోకరిల్లే విమానం

పుష్పక విమానంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందని మా అమ్మమ్మ చెప్పేది. సంక్రాంతి రద్దీలో ఆర్టీసీ కండక్టర్లు ఇప్పటికీ ఆ ధీమాతోనే టిక్కెట్లు కొడుతుంటారు. అయితే లంక నుంచి అయోధ్యకు బయల్దేరిన అంతమందీ అందులోకి ఎలా ఎక్కారు, మెట్లున్నాయా, తలుపు ఏ పక్కన, పొట్టివాళ్లకు చెయ్యందించిందెవరు అని నేనడిగితే మాత్రం ఆవిడ దగ్గర జవాబు ఉండేది కాదు. "ఎక్కారంతే" అనేసి కథ ముందుకు నడిపించేది.

విమానాల చరిత్ర రాసినవాళ్లదీ మా అమ్మమ్మ వరసే. రెక్కల గురించి, ఇంజన్ల గురించి పేజీలకు పేజీలు రాస్తారు. మనిషి లోపలికెలా దూరాడో, దూరాక మోకాళ్లెక్కడ పెట్టుకున్నాడో అడిగితే, ఎక్కారంతే!

ఈ ప్రశ్న మళ్లీ బయటికి రావడానికి కారణం ఆష్‌కాష్‌. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఈ చిన్న ఊళ్లో ఏటా జులై చివర విమానాల జాతర జరుగుతుంది. ఇంటి గ్యారేజీలో సొంత చేతులతో విమానం కట్టుకున్నవాళ్లు దాంట్లోనే ఎగిరొచ్చి, గడ్డిలో దింపి, రెక్క కింద గుడారం వేసుకుంటారు. 2025 జాతరకు ఇంకో విశేషం తోడైంది. అక్కడివాళ్లు ముద్దుగా చెప్పుకునే వేరీఈజ్ అనే బుల్లి విమానం తొలిసారి ఎగిరి అప్పటికి యాభై ఏళ్లు నిండాయి. పేరు పలికి చూడండి, 'వెరీ ఈజీ' అని వినపడుతుంది. కట్టడం తేలిక, నడపడం తేలిక అని దాని భావం. ఎక్కడం గురించి ఆ పేరు ఏ హామీ ఇవ్వలేదు.

ముందు పాత సంగతులు గబగబా చెప్పేస్తాను. 1903 డిసెంబర్ 17న ఆర్విల్ రైట్ 12 సెకన్లలో 120 అడుగులు ఎగిరినప్పుడు కూర్చోలేదు. కింది రెక్క మీద బోర్లా పడుకున్నాడు. నడుము కింద ఉయ్యాల లాంటి చట్రం ఒకటి ఉండేది. తుంటిని పక్కకు జరిపితే దానికి కట్టిన తీగలు రెక్కల్ని మెలిపెట్టేవి. ఆ అన్నదమ్ములు లేచి కూర్చుని ఎగరడానికి 1908 రావలసి వచ్చింది.

పారిస్‌లో ఉండే బ్రెజిల్ దేశస్థుడు సాంతోస్ ద్యుమోఁ 'దమ్వజెల్' అనే విమానం చేశాడు. రెక్క కింద గుడ్డ పట్టీ మీద కూర్చోవాలి. రెక్కల్ని మెలితిప్పే మీట ఆయన కోటు వెనక కుట్టించిన జేబులో ఉండేది. వీపు ఎటు వాల్చితే విమానం అటు ఒరుగుతుంది. దర్జీ కూడా విమానం తయారీలో భాగస్వామి అయ్యాడన్నమాట. ఆయన దానికి పేటెంటు తీసుకోలేదు. నక్షాలు పత్రికల్లో అచ్చయ్యాయి, కావలసినవాళ్లు కట్టుకున్నారు. కాకపోతే ఆయన చాలా చిన్న మనిషి, విమానం ఆ కొలతకే కుట్టిన చొక్కా.

తర్వాత 1933లో ఫ్రాన్స్‌లో ఆఁరీ మిన్యే 'ఆకాశపు పేను' అని పేరుపెట్టి ఓ బుల్లి విమానం ఎగరేశాడు. మరుసటేడు అందరూ కట్టుకోండంటూ పుస్తకం కూడా రాశాడు. జనం ఎగబడి కట్టుకున్నారు. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ముందు రెక్కకూ వెనక రెక్కకూ మధ్య ఉన్న ఎడమే ఆ ప్రమాదాలకు కారణమని తేలింది.

దాదాపు అదే కాలంలో అమెరికాలోని మిన్నెసోటాలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే స్వయంకృషి మెకానిక్, ఫోర్డ్ కారు ఇంజన్‌తో నడిచే 'ఎయిర్ క్యాంపర్' తయారుచేశాడు. ఒకరి వెనక ఒకరు ఇద్దరు కూర్చోవచ్చు. వెనక కూర్చునే పైలట్ తల దూర్చడానికి వీలుగా రెక్క వెనక అంచులో కొంత భాగం పైకి మడతపడుతుంది. ముందు కూర్చునే అతిథికి ఆ భాగ్యం కూడా లేదు. నెత్తిమీద రెక్క, పక్కన కమ్మీలు, అడ్డంగా తీగలు. వాటి సందుల్లోంచి ఒక కాలు ముందు దూర్చాలా, తల ముందు దూర్చాలా అన్నది నేటికీ చర్చనీయాంశమే.

తర్వాతి చాలా ఏళ్లను ఒక్క అంగలో దాటేద్దాం. 1953లో పాల్ పొబెరెజ్నీ మిల్వాకీలో గృహనిర్మిత విమానాల సంఘం పెట్టాడు. సగానికి మించిన పని కట్టుకునేవాడే చెయ్యాలన్న ప్రభుత్వ నిబంధన చుట్టూ, విమానాన్ని విడిభాగాలుగా అమ్మే కిట్ల వ్యాపారం పెరిగింది. సగం పైన పని తనదైతే సీటు ఎత్తూ తనదే, నడుం నొప్పీ తనదే. ఫిర్యాదు చేద్దామన్నా అద్దం ముందు నిలబడి చేసుకోవాలి.

1970ల మొదట్లో జిమ్ బీడ్ అనే ఆయన బీడీ-5 అనే ఒంటరి సీటు కిట్ అమ్మాడు. దాన్లోకి ఎక్కడం అనరు, తొడుక్కోవడం అంటారు. మన ఉదయ్‌పూర్ సరస్సును చూపించిన జేమ్స్ బాండ్ సినిమా 'ఆక్టోపస్సీ' మొదట్లో బాండ్ నడిపేది దాని జెట్ తమ్ముణ్నే. కిట్లు వేలల్లో అమ్ముడయ్యాయి, ఎగిరినవి కొన్ని వందలు. కంపెనీ దివాలా తీసింది. ఆ కంపెనీలో కొన్నాళ్లు పనిచేసి, 1974లో కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారికి వెళ్లి సొంత దుకాణం పెట్టుకున్న ఇంజనీరు బర్ట్ రుటాన్. నేను ఇంత తొందరపడింది ఈయన దగ్గరికి రావడానికే.

రుటాన్ విమానాన్ని వెనకా ముందూ చేసేశాడు. చిన్న రెక్క ముక్కు దగ్గర, పెద్ద రెక్క వెనక, ఇంజనూ ప్రొపెల్లరూ తోక స్థానంలో. నురుగు దిమ్మల్ని వేడి తీగతో కోసి, పైన గాజు నారగుడ్డ పరిచి, ఎపాక్సీ జిగురు పూస్తే రెక్క తయారు. అచ్చులక్కర్లేదు. 1975 మే 21న వేరీఈజ్ ఎగిరింది. ఆ వేసవిలోనే ఆయన అన్న డిక్ రుటాన్ దాన్ని ఆష్‌కాష్‌కు తీసుకెళ్లి, ఆ బరువు తరగతిలో దూరం రికార్డు కొట్టాడు. మరుసటేడు నుంచి నక్షాలు అమ్మకానికి పెట్టారు. 1979లో దాని అక్క లాంటి లాంగ్ఈజ్ వచ్చింది. 115 గుర్రాల ఇంజన్‌తో గంటకు దాదాపు 300 కిలోమీటర్లు పోతుంది. అంత వేగం ఊరికే రాలేదు. గాలికి ఎదురొచ్చే ఒళ్లు ఎంత సన్నగా ఉంటే అంత లాభం కాబట్టి, కాక్‌పిట్ మనిషి భుజాల కొలతకు కోశారు.

ఇక నాకు మహా ఇష్టమైన సంగతి. ఇంజను వెనక ఉండటంతో, ముందు సీట్లో మనిషి లేకపోతే విమానం వెనక్కి ఒరిగి తోక మీద చతికిలబడుతుంది. అందుకని ఆపినప్పుడు ముందు చక్రాన్ని లోపలికి మడిచేస్తారు. విమానం ముక్కు నేలకానించి, వెనక భాగం పైకెత్తి నిలబడుతుంది. ఆష్‌కాష్‌ గడ్డి మైదానంలో అవి వరసగా అలా ఉంటే, సంక్రాంతి పూట ముంగాళ్లు వంచి దణ్నం పెట్టే గంగిరెద్దులే గుర్తొచ్చాయి నాకు. డూడూ బసవన్నా అనడమే తరువాయి.

కొన్నేళ్ల కిందట చికాగోలో ఉండే మా బావమరిది నన్నా జాతరకు తీసుకెళ్లాడు. ఒక లాంగ్ఈజ్ పక్కన మడత కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దాయన నా చూపుల్లో ఆకలి కనిపెట్టి, కావాలంటే కూర్చుని చూడమన్నాడు. గాజుమూత పెట్టె మూతలా పక్కకు తెరుచుకుంది. ఎడమ కాలు అంచు మీంచి వేసి, సీటు మీద నిలబడమన్నాడు.

"బూట్లతోనా?" అన్నాను. మనం పుస్తకానికి కాలు తగిలితేనే కళ్లకద్దుకునే జాతి కదా.

"తొక్కండి బావా, అది అందుకే," అన్నాడు మా వాడు.

తొక్కాను. రెండు పక్కల అంచులూ పట్టుకుని, దండీలు తీసేవాడిలా ఒంటిని కిందికి దించుకుంటూ, కాళ్లను ముక్కులోకి సొరంగంలోకి పంపినట్టు పంపాను. కూర్చున్నాక ఆశ్చర్యం! వాలు కుర్చీలో పడుకున్నంత హాయిగా ఉంది. నడపడానికి ఉన్న పిడి కాళ్ల మధ్య లేదు, కుడి పక్కన చిన్న అరుగు మీద ఉంది, మోచెయ్యి అక్కడే ఆనుతుంది. తల వెనక ఆసరా. అయితే కాలు మడవాలన్నా, జేబులోంచి రుమాలు తియ్యాలన్నా వల్లకాదు. వెనక సీట్లో కూర్చునేవాళ్లు కాళ్లు ముందు సీటుకు అటొకటి ఇటొకటి చాపుకోవాలి. 1979 డిసెంబర్‌లో డిక్ రుటాన్ ఇలాంటి దాంట్లోనే ఏకబిగిన 33 గంటలకు పైగా ఎగిరి మరో రికార్డు కొట్టాడు. లఘుశంక ఎలా తీర్చుకున్నాడని పెద్దాయన్ని అడగబోతే మా బావమరిది నా మోచెయ్యి గిల్లాడు.

గాజుమూతకు గొళ్లాలు రెండంచెలవి. పైలట్లు గొళ్లెం వెయ్యడం మరిచి గాల్లోకి లేచిన ఉదంతాలు జరిగాక, మూత పూర్తిగా ఎగిరిపోకుండా పట్టుకునే రెండో కొక్కెం తప్పనిసరిగా పెట్టుకోవాలని రుటాన్ చెప్పాడట. ప్రొపెల్లర్ వెనక ఉంటుంది కాబట్టి టోపీ అయినా పెన్ను అయినా బయటికి జారితే నేరుగా దానిలోకే పోతుంది. దిగేటప్పుడు కళ్లజోడు మా వాడి చేతికిచ్చి దిగమన్నాడు పెద్దాయన. విమానం ఆగివుంది కదా అంటే, అలవాటు కొద్దీ అన్నానని నవ్వాడు.

ఈ ముచ్చట ఇక్కడితో ఆపితే బాగుండేది. 'టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్' పాడిన జాన్ డెన్వర్ 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియా తీరంలో లాంగ్ఈజ్ కూలి మరణించాడు. ఇంజనుకు ఏ ట్యాంకు నుంచి ఇంధనం రావాలో మార్చే వాల్వు నక్షా ప్రకారం పైలట్ కాళ్ల మధ్య, చేతికందే చోట ఉండాలి. ఆ విమానాన్ని కట్టినవాడు దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక్కి మార్చాడు. దాన్ని తిప్పాలంటే పిడి వదిలేసి, ఒళ్లు మెలితిప్పి వెనక్కి తిరగాలి. అలా తిరిగినప్పుడు కుడి కాలు తన్నుకుని పెడల్‌ని నొక్కేస్తుందని దర్యాప్తు అధికారులు తేల్చారు. ఎగిరేముందు సరిగ్గా చూసుకోకపోవడం, కొత్త విమానంతో తగినంత అలవాటు లేకపోవడం కూడా కారణాలుగా రాశారు. కాక్‌పిట్లో సౌకర్యం అంటే మెత్తటి దిండు అనుకునేవాణ్ని. చెయ్యి ఎంత దూరం వెళ్లాలన్నది కూడా సౌకర్యమేనని ఆ నివేదిక చదివాకే అర్థమైంది.

రుటాన్ 1985లో నక్షాలు అమ్మడం మానేశాడు. అక్కణ్నుంచి కథ ఒరెగాన్ రాష్ట్రానికి మారుతుంది. రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ 1971లో ఒక్కడికి సరిపోయే ఆర్వీ-3 ఎగరేశాడు. ఆర్వీ-4లో వెనక ఇంకో సీటు వచ్చింది. ఆర్వీ-6లో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు, వెడల్పు 43 అంగుళాలు. 2003లో ఆర్వీ-10లో నాలుగు సీట్లు, పైకి లేచే రెండు తలుపులు. 2012లో ఆర్వీ-14, 46 అంగుళాలు, పొడుగు కాళ్లకూ పెరిగిన పొట్టలకూ చోటు. కిట్లు కొనేవాళ్ల వయసు పెరిగినకొద్దీ విమానం కూడా బెల్టు వదులు చేసుకుంటూ వచ్చిందని ఒక చక్కటి సిద్ధాంతం కట్టేయొచ్చు.

కానీ ఆ సిద్ధాంతం నిలవదు. ఆర్వీ-6 తర్వాత కూడా ఒకరి వెనక ఒకరు కూర్చునే ఆర్వీ-8 వచ్చింది, ఎగబడి కొన్నారు. పక్కపక్కన కూర్చుంటే ముచ్చట్లాడుకోవచ్చు, ముందు ఒక్కడే కూర్చుంటే యుద్ధవిమానం నడుపుతున్నట్టు ఉంటుంది. ఏది సౌకర్యమంటారు? ఇక గాజుమూత ముందుకు లేవాలా, వెనక్కి జరగాలా అన్నది అక్కడ ఆవకాయలో వెల్లుల్లి వెయ్యాలా వద్దా అన్నంత పెద్ద తగాదా. ముందుకు లేచేదైతే ఎదర చూపుకు కమ్మీ అడ్డం రాదు, మీటర్ల వెనక రిపేరు తేలిక, కానీ సీట్ల వెనక సామాను తియ్యడం కష్టం. వెనక్కి జరిగేదైతే ఎండలో నేలమీద నడుపుతూ గాలి కోసం తెరుచుకోవచ్చు. మే నెలలో విజయవాడలో నీడ లేనిచోట ఆపిన కారులో కూర్చున్నవాళ్లకు ఈ రెండో వాదన వివరించనక్కర్లేదు.

2022 ఆష్‌కాష్‌లో వాన్‌గ్రన్స్‌వెన్ కంపెనీ తొలిసారి రెక్క నెత్తిమీదున్న ఆర్వీ-15 నమూనా చూపించింది. రెండు పక్కలా తలుపులు, కారెక్కినట్టే ఎక్కడం. హమ్మయ్య, నూట పాతికేళ్లు కాకముందే తలుపు దొరికిందనుకునేలోగా, 2023 చివర కంపెనీ దివాలా రక్షణ కోరి కోర్టుకెక్కింది. మరుసటేడు కోలుకుంది. 2024 మేలో డిక్ రుటాన్ కన్నుమూశాడు. ఈ కాలం దగ్గరికొచ్చేసరికి ఏ సంగతి దేని పక్కన పెట్టాలో నాకు తెలియడం లేదు.

లాంగ్ఈజ్ పెద్దాయన చెప్పిన మాటతో ఆపేస్తాను. ఎనిమిదేళ్లు కట్టాడట. ఇంజను రాకముందు, రెక్కలు అతకకముందు, గాజుమూత బిగించకముందు, రాత్రి భోజనం చేశాక గ్యారేజీలోకి వెళ్లి ఉత్త డొల్లలో కూర్చుని నోటితో ఇంజను చప్పుడు చేసేవాడట. కిట్లు కట్టే ప్రతివాడూ చేసే పనేనట అది. అప్పుడు ఎక్కడం ఎలా ఉండేదని అడిగాను.

"చాలా తేలిక," అన్నాడు. "ఇంకా పక్కగోడ ఒకటి లేదు కదా, నడిచి లోపలికి వెళ్లిపోయేవాణ్ని."