బండెక్కిన విత్తనాలు

జాతర అనగానే మనకు దేవతో, తేరో స్ఫురిస్తుంది. జహీరాబాదు ప్రాంతపు 'పాత పంటల జాతర'లో ఎడ్లబండ్లపై ఊరేగేవి మాత్రం కొర్రలు, సామలు, జొన్నల విత్తనాలు. సంక్రాంతికి బయలుదేరి, నెలపాటు ఊరూరా ఆగుతూ రైతులతో చర్చిస్తూ సాగే యాత్ర అది.

దీని వెనుక కథ పాతదే. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. అది ఆకలి తీర్చిన మాట నిజమే. కానీ చౌకబియ్యం ముందు మెట్టచేల పంటలు వెనుకబడ్డాయి. సాగు మానితే విత్తూ పోతుంది. ఆ విత్తును బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో కాపాడినవారు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల సభ్యులు. అత్యధికులు దళిత స్త్రీలు. అప్పు తెచ్చుకున్న గింజలకు రెట్టింపు తిరిగి కొలవడం వారి కట్టుబాటు. (షావుకారు రెట్టింపు వేరు సుమండీ! ఇది మరో ఇంటి చేనుకు చేరుతుంది.)

2019లో ఈ సంస్థకు ఈక్వేటర్ బహుమతి లభించింది. నాకు మాత్రం ఆ బుట్టలే ఘనంగా తోస్తాయి.