సుళువైన కాడి – ఒక గ్రీకు మాట చరిత్ర



"యేసయ్య కాడి సుళువంటారు గదా అయ్యగారూ, మరి మాకెందుకింత బరువు?" ఈ ప్రశ్న మేము సంఘంలో పలుమార్లు విన్నాము. మత్తయి 11:30లో మన బైబిలు "సుళువు" అన్నచోట గ్రీకులో ఉన్న విశేషణం "క్రేస్తోస్".

ఇది "వాడుకొను" అనే క్రియనుండి పుట్టింది. మొదటి అర్థం "పనికివచ్చేది". తర్వాత మనుషులకూ వర్తించి "మంచివాడు, నమ్మదగినవాడు" అయింది. గ్రీకులు సమాధిరాళ్లమీద చనిపోయినవారిని ఈ మాటతో పిలిచి వీడ్కోలు చెప్పేవారు. బానిసలకు ఇదే పేరు పెట్టేవారు.

మన "మంచి" ఎవరి ముందున్నా మారదు. గ్రీకులో పుంలింగానికి క్రేస్తోస్, స్త్రీలింగానికి క్రేస్తే, నపుంసకానికి క్రేస్తోన్. రోమా 2:4లో ఆ నపుంసక రూపమే నామవాచకమై దేవుని "అనుగ్రహము" అయింది. లూకా 5:39లో పాత ద్రాక్షారసం "మంచిది", లూకా 6:35లో దేవుడు "ఉపకారి", 1 పేతురు 2:3లో ప్రభువు "దయాళుడు". తెలుగులో ఇన్ని మాటలు, గ్రీకులో ఒక్కటే.

కాలక్రమేణా గ్రీకులో "ఏ" పలుకు "ఈ"గా మారింది. అప్పుడు ఈ మాట, "క్రీస్తు" అనే మాట ఒకేలా వినబడ్డాయి. 197 ప్రాంతంలో తెర్తుల్లియను రోమా అధికారులకు రాస్తూ, మీరు మా పేరు తప్పుగా పలికినా అందులోనూ మంచితనమే ఉందన్నాడు. సిరియాలో 318 నాటి ఒక శాసనంలో ప్రభువు పేరే "యేసు క్రేస్తోస్" అని చెక్కి ఉంది.

నేటి గ్రీకులో రెండు మాటలనూ "హ్రిస్తోస్" అనే పలుకుతారు. పాత చతుర్థీ విభక్తి రూపాలు వాడుకలోనుండి పోయాయి. అయినా 1 కొరింథీ 15:33లో "మంచి నడవడి" అని పౌలు రాసిన రెండు గ్రీకు మాటలే నేటి గ్రీసు పౌర చట్టంలో ఉన్నాయి. ఆ మంచి నడవడికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదు.

ప్రియులారా, విశ్వసిస్తే కష్టముండదని మేమూ ఒకప్పుడు ఈ వచనంమీద తొందరపడి బోధించాము. అది విని, కష్టం తీరక, తమ విశ్వాసమే తక్కువని కుమిలినవారున్నారు. మమ్మును క్షమించండి. కాడి ఉందంటే దున్నే పని ఉన్నట్టే. మెడకు కుదిరిన కాడి ఒరిపిడి పెట్టదు, పుండు చేయదు. ప్రభువు కాడి అలాంటిది, ఎందుకంటే దానిని మోపినవాడు దయాళుడు.

ఆనాటివారు క్రైస్తవులను "మంచివారు" అని పొరపాటున పిలిచారు. మన ఊరివారు మనలను చూచి ఆ పొరపాటు పడతారా? ప్రభువు మనకట్టి కృప దయచేయును గాక. ఆమేన్.